ఇంటి పోకర్‌లో రూల్స్ గొడవలు తీర్చడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

స్నేహితులు కలిసి ఆడే పోకర్‌లో గొడవలు ఎప్పుడూ కొన్ని చోట్లే పుడతాయి. పంచుతుంటే ముక్క తిరగబడుతుంది. ఎవరో వంతు రాకముందే చిప్స్ వేస్తారు. ఇంకెవరో గెలిచే ముక్కల్ని పారేసి తర్వాత నాలుక కరుచుకుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలకు జవాబులివి. అన్నీ నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్‌కి, అంటే చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద ఐదు ఉమ్మడి ముక్కలతో, పందేనికి పైమితి లేకుండా ఆడే పోకర్‌కి, సంబంధించినవే. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఆట మొదలుపెట్టే ముందు

అందరం మనవాళ్లమే కదా, రూల్స్ రాసుకోవడం అవసరమా?

మనవాళ్లు కాబట్టే అవసరం. ముక్కలు పంచకముందు చెప్పింది రూల్ అవుతుంది. అదే మాట ముక్కలు చూశాక చెబితే ఎవరో ఒకరి పక్షం తీసుకున్నట్టు అవుతుంది, చెప్పినవారి ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. ఒక్క పేజీ చాలు. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) ఎంత, ఒకసారికి ఎన్ని చిప్స్ తీసుకోవచ్చు, అయిపోతే మళ్లీ ఎప్పటిదాకా తీసుకోవచ్చు, ఆట ఎన్నింటికి ఆపుతారు, స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే ఇష్టపడి వేసే అదనపు పందెం) ఉందా లేదా, ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ వేసేయడం) అయ్యాక మిగిలిన ముక్కల్ని రెండుసార్లు తెరిచే పద్ధతి ఉందా, తీర్పు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. చిప్స్ వెనక డబ్బు ఉంటే, మీరుండే చోట చట్టం దానికి ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

ఏ రూల్స్‌ని ప్రమాణంగా పెట్టుకోవాలి?

ఎక్కువమంది వాడేవి రెండు. ఒకటి బాబ్ సియాఫోన్ కూర్చిన రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్. రెండోది 2001లో ఏర్పడిన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్, అంటే టీడీఏ, రూల్స్. ఎన్ని చిప్స్‌కి అంత లెక్క కట్టే మామూలు ఆటకు మొదటిది, అందరూ సమానంగా మొదలై చివరికి ఒకరే మిగిలే టోర్నమెంట్‌కి రెండోది బాగా సరిపోతాయి. రెండూ చాలావరకు ఏకీభవిస్తాయి, కొన్ని చోట్ల వేరవుతాయి. అందుకే ఒకదాన్ని ఎంచుకుని పేరు పైకి చెప్పి మొదలుపెట్టండి. గొడవ వచ్చాక ఎవరికి అనుకూలమైన పుస్తకం వాళ్లు తెరిస్తే అది ఎప్పటికీ తెగదు.

తీర్పు ఎవరు చెప్పాలి? ఇంటివాళ్లేనా?

మామూలుగా ఇంటివాళ్లే. కానీ ఆ హ్యాండ్‌లో (ఒక పంపకం నుంచి గెలుపు తేలేదాకా సాగే ఆటలో) వాళ్లే ఉంటే కుదరదు కాబట్టి రెండో పేరు కూడా ముందే అనుకోవాలి. ఆ రెండోవాళ్లు కూడా హ్యాండ్‌లో ఉంటే, అప్పటికే ఫోల్డ్ చేసినవారిలో (ముక్కలు పారేసి తప్పుకున్నవారిలో) రూల్స్ బాగా తెలిసినవారు చెబుతారు. చేతులెత్తి ఓటు వేయించడం మాత్రం వద్దు. ఓటు రూల్‌ని బట్టి పడదు, ఎవరికి ఎవరు దగ్గరో దాన్ని బట్టి పడుతుంది. ఓడినవాడికి ఓటమితో పాటు అవమానం కూడా మిగులుతుంది.

గొడవ మొదలైన క్షణంలో మొదట చేయాల్సిందేంటి?

ఆపడం. పంచుతున్నవారు పేకని బల్ల మీద పెట్టేయాలి. చిప్స్, ముక్కలు, పారేసిన ముక్కల కుప్ప, దేన్నీ ఎవరూ కదిలించకూడదు. చిప్స్ ఒక్కసారి పాట్‌లో, అంటే అందరి పందేల కుప్పలో, కలిసిపోతే ఎవరు ఎంత వేశారో తేల్చడం దాదాపు అసాధ్యం.

తర్వాత తీర్పు చెప్పేవారు ఒక్కొక్కరినే అడగాలి. ముందు పంచినవారిని, తర్వాత గొడవలో ఉన్న ఇద్దరిని, చివర్లో మిగతావారిని. వంతు ఎవరిది, పాట్‌లో ఎంత ఉంది, ఎవరు సరిగ్గా ఏ మాట అన్నారు అన్నంతవరకే అడగాలి. ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో ఆ మాటల్లో అస్సలు రాకూడదు. తీర్పు తర్వాత హ్యాండ్ మళ్లీ నడవాలి కదా, ముక్కలు బయటపడితే ఏ తీర్పూ న్యాయంగా ఉండదు. విషయం తెలిశాక రెండు నిమిషాల్లో తేల్చేయండి.

పేక సరిగ్గా ఉందో లేదో ఎప్పుడు చూడాలి?

ఆటకు ముందే. జోకర్లు తీసేసి గుర్తుల వారీగా పరిస్తే ఇస్పేటు, ఆటీను, డైమండ్, కళావరు పదమూడేసి వచ్చి మొత్తం 52 ఉండాలి. రెండు పేకలు మార్చి మార్చి వాడేటట్లయితే వాటి వీపు రంగులు వేరుగా ఉండటం తప్పనిసరి. హ్యాండ్ మధ్యలో ఒకే ముక్క రెండు కనిపిస్తే, అంటే ఉదాహరణకు రెండు ఇస్పేటు రాణులు, ఆ హ్యాండ్ మొత్తం రద్దయి ఎవరి చిప్స్ వారికి తిరిగి వెళ్తాయి. అంతకు ముందు ముగిసిన హ్యాండ్‌లని తిరగదోడరు.

## ముక్కలు పంచేటప్పుడు

పంచుతుంటే ఒక ముక్క తిరగబడి అందరికీ కనిపించింది. మళ్లీ మొదటినుంచి పంచాలా?

అది ఎన్నో ముక్క అన్నదాన్ని బట్టి ఉంటుంది. పేక పైనుంచి వచ్చిన మొదటి రెండు ముక్కల్లో ఏదైనా పంచేవారి పొరపాటు వల్ల కనిపిస్తే మిస్‌డీల్, అన్నీ వెనక్కి తీసుకుని కలిపి మళ్లీ పంచాలి. ఆ తర్వాత వచ్చిన ముక్క ఒకటే కనిపిస్తే పంచడం ఆపక్కర్లేదు. అందరికీ రెండేసి పూర్తయ్యాక, ముక్క కనిపించినవారికి పేక పైనున్న ముక్క ఇచ్చి, కనిపించిన ముక్కని ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కలు) ముందు తీసే బర్న్ ముక్కగా (ఆటలో వాడకుండా పక్కన పెట్టేదిగా) వాడాలి. రెండు ముక్కలు కనిపిస్తే మాత్రం మిస్‌డీలే.

ముక్కని చూపించింది ఆడేవారే అయితే, ఎత్తి చూసుకుంటూ జారవిడిచినా సరే, మార్చరు. నచ్చని ముక్క వచ్చినప్పుడల్లా చేయి జారే అవకాశం ఇవ్వకూడదు కదా!

పేక మధ్యలో ఒక ముక్క అప్పటికే వెల్లకిలా పడి ఉంది. దాన్ని ఏం చేయాలి?

దాన్ని ముక్కగా లెక్కపెట్టరు, మధ్యలో ఇరుక్కున్న కాగితంలా పక్కన పెట్టి తర్వాతి ముక్క ఇస్తారు. మొదటి పంపకంలోనే ఇలాంటివి రెండు వస్తే మళ్లీ పంచాలి.

ఒకరికి మూడు ముక్కలు వచ్చాయని ఆలస్యంగా తెలిసింది. హ్యాండ్ రద్దు చేయొచ్చా?

ఎంత ఆలస్యమైంది అన్నదే ఇక్కడ ముఖ్యం. హ్యాండ్ నిజంగా మొదలైందా అని తేల్చడానికి ఒక కొలత ఉంది. బ్లైండ్లు లెక్కలోకి రావు. వరసలో ఇద్దరు ఆడి, వారిలో ఒక్కరైనా పాట్‌లో చిప్స్ వేస్తే మొదలైనట్టు. లేదా చెక్ (పందెం వేయకుండా వంతు దాటించడం), ఫోల్డ్‌లతో సహా వరసలో ఏవైనా మూడు చర్యలు జరిగినా మొదలైనట్టే. అంతకుముందే తెలిస్తే మిస్‌డీల్, అందరి చిప్స్ వెనక్కి. ఆ గీత దాటాక తెలిస్తే మూడు ముక్కలున్నవారి హ్యాండ్ మాత్రమే చచ్చినట్టు. వాళ్లు వేసింది పాట్‌లోనే ఉంటుంది, మిగతావాళ్లు కొనసాగిస్తారు. ఒక్క ముక్కే వచ్చి చూసుకోకుండా ఆడినవారికీ ఇదే వర్తిస్తుంది. అందుకే రెండు ముక్కలు అందాయో లేదో ముందు చూసుకోవడం ఆడేవారి బాధ్యత.

ఫ్లాప్‌లో మూడు బదులు నాలుగు ముక్కలు తెరిచారు. ఏది తీసేయాలి?

ఏది నాలుగోదో అందరికీ తెలుసనిపించినా, దాన్ని చూసి తీసేయకూడదు. నాలుగింటినీ బోర్లా వేసి కలపాలి. తీర్పు చెప్పేవారు చూడకుండా ఒకటి తీస్తారు, అది తర్వాతి బర్న్ ముక్క అవుతుంది. మిగిలిన మూడే ఫ్లాప్.

పందెం పూర్తికాకుండానే తర్వాతి ముక్క తెరిచేశారు. ఎలా సరిదిద్దాలి?

అన్నిటికంటే పెద్ద గొడవ ఇదే, ఎందుకంటే ఆ ముక్కతో ఎవరో ఒకరికి ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పడే ఉంటుంది. సూత్రం ఒక్కటే: తొందరపడి తెరిచిన ముక్క మీద ఎవరికీ హక్కు లేదు, అలాగని అది శాశ్వతంగా పేకలోంచి మాయమవకూడదు కూడా. బర్న్ చేసిన ముక్క బర్న్‌గానే ఉంటుంది.

ఫ్లాప్ ముందే తెరిస్తే, ఆ మూడు ముక్కల్ని మిగిలిన పేకలో వేసి, ఆగిన పందెం పూర్తి చేసి, బాగా కలిపి, ఇంకో ముక్క బర్న్ చేయకుండా కొత్త ఫ్లాప్ తెరవాలి.

టర్న్, అంటే నాలుగో ఉమ్మడి ముక్క, విషయం కొంచెం మెలిక. ముందే తెరిచిన ముక్కని పక్కన పెట్టి ఆగిన పందెం పూర్తి చేయాలి. ఒక ముక్క బర్న్ చేసి, మామూలుగా అయితే రివర్‌గా (ఐదోది, చివరిదిగా) రావలసిన ముక్కని టర్న్ చోట వేయాలి. ఆ రౌండ్ పందెం అయ్యాక, పక్కన పెట్టిన ముక్కని మిగిలిన పేకలో వేసి కలిపి, బర్న్ లేకుండా రివర్ తెరవాలి. ఇలా చేస్తే ముందే కనిపించిన ముక్కకి రివర్‌గా తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, అసలు రివర్ ముక్క కూడా ఆటలోనే ఉంటుంది.

రివర్ ముందే తెరిస్తే పని సులువు. పందెం పూర్తి చేసి, ఆ ముక్కని పేకలో కలిపి, బర్న్ లేకుండా మళ్లీ తెరవడమే.

బర్న్ చేయడం మర్చిపోయి ముక్క తెరిచారు. పర్వాలేదా?

ఆ రౌండ్‌లో ఎవరూ ఆడకముందు గమనిస్తే సరిదిద్దాలి. అంటే బర్న్ కావలసిన ముక్కని బర్న్‌లో వేసి, సరైన ముక్కని బల్ల మీద పెట్టాలి. ఒక్కరు ఆడినా ఇక ఆ ముక్కే ఖాయం.

## పందెం నడుస్తున్నప్పుడు

"నీ వంద, దాని మీద ఇంకో రెండు వందలు" అన్నాడు. ఇది రెయిజా (పందెం పెంచడమా), కాలా (ఎదుటి పందేనికి సమానంగా వేయడమా)?

కాల్ మాత్రమే. "నీ వంద" అన్నప్పుడే కాల్ చేసినట్టయింది, తర్వాతి మాట చెల్లదు. దీన్నే స్ట్రింగ్ బెట్ అంటారు. ముందు వంద వేసి, ఎదుటివారి ముఖం చూసి, మళ్లీ చేయి వెనక్కి తెచ్చి ఇంకొన్ని వేయడం కూడా అంతే. రెయిజ్ చేయాలంటే ముందుగా "రెయిజ్" అనాలి, లేదా మొత్తం చిప్స్ ఒకేసారి ముందుకు తోయాలి. మాట, చిప్స్ రెండూ ఉన్నప్పుడు ముందు వచ్చిందే లెక్క. చాలా ఇళ్లలో సినిమాల్లో చూసిన డైలాగ్ అలవాటు వల్లే ఇది జరుగుతుంది కాబట్టి, కొత్తవారికి మొదటిసారి రూల్ చెప్పి వివరించండి. కానీ ఆ మొదటిసారి కూడా కాల్‌గానే లెక్కించండి.

మాట్లాడకుండా ఒక్క 500 చిప్ వేశాడు, కాల్‌కి కావలసింది 100. ఎంతగా తీసుకోవాలి?

100 కాల్. మిగతా 400 చిల్లర తిరిగి ఇస్తారు. ఎదుట పందెం ఉన్నప్పుడు నోరు విప్పకుండా వేసిన ఒక్క పెద్ద చిప్ ఎప్పుడూ కాలే. ఆ రౌండ్‌లో ఇంకా ఎవరూ పందెం వేయకపోతే మాత్రం అది 500 పందెం.

కనీసం ఎంత రెయిజ్ చేయాలి? రెట్టింపు చేయాలంటారు, నిజమేనా?

రెట్టింపు అన్నది మొదటి రెయిజ్‌కే సరిపోతుంది. ఆ రౌండ్‌లో చివరిసారి పెంచినంత మేరకైనా పెంచాలన్నది అసలు రూల్. బ్లైండ్లు 10, 20 అనుకుందాం. మొదటి రెయిజ్ కనీసం 40కి. ఒకరు 60కి పెంచారంటే పెరిగింది 40, కాబట్టి తర్వాతి రెయిజ్ కనీసం 100కి ఉండాలి, 120 అక్కర్లేదు.

చాలని రెయిజ్ వేస్తే సగం లెక్క చూస్తారు. 100 పందానికి ఎవరైనా మౌనంగా 100 చిప్, 50 చిప్ కలిపి ఒకేసారి వేశారనుకోండి. పెంచవలసిన కనీస మొత్తంలో సగం చేరింది కాబట్టి 200కి పూర్తి చేయాలి. 140 మాత్రమే వేసి ఉంటే కాల్‌గా తీసుకుని 40 వెనక్కి ఇస్తారు.

ఒకరు తక్కువ చిప్స్‌తో ఆల్-ఇన్ అన్నారు. మొదట పందెం వేసినవారు మళ్లీ పెంచొచ్చా?

ఆ ఆల్-ఇన్ పూర్తి రెయిజ్ అయితేనే. రవి 100 పందెం వేశాడు, సుధ కాల్ చేసింది, తర్వాత కిరణ్ దగ్గరున్న 150తో ఆల్-ఇన్. పూర్తి రెయిజ్ అంటే 200, ఇది అంత కాదు. కాబట్టి మిగతావాళ్లెవరూ పెంచకపోతే రవి, సుధ ఇంకో 50 కలపొచ్చు లేదా ఫోల్డ్ చేయొచ్చు, పెంచలేరు. కిరణ్ తర్వాత ఇంకా వంతు రానివారెవరైనా ఉంటే వారికి పెంచే హక్కు ఉంది, కనీసం 250కి.

ముగ్గురు వేర్వేరు మొత్తాలతో ఆల్-ఇన్ అయితే పాట్ ఎలా విడదీయాలి?

అందరికంటే తక్కువ చిప్స్ ఉన్నవారితో మొదలుపెట్టాలి. ముగ్గురి దగ్గర 300, 500, 900 ఉన్నాయి, నాలుగోవారు 100 వేసి ఫోల్డ్ చేశారు అనుకుందాం. ముగ్గురి నుంచి 300 చొప్పున 900, ఫోల్డ్ చేసినవారి 100 కలిపి మెయిన్ పాట్ 1,000. దీనికి ముగ్గురూ పోటీ. మిగిలిన ఇద్దరి నుంచి 200 చొప్పున సైడ్ పాట్ 400, దీనికి ఆ ఇద్దరే పోటీ. చివరి 400ని ఎవరూ కాల్ చేయలేదు కాబట్టి 900 వేసినవారికి తిరిగి ఇచ్చేయాలి, అది గెలుపు కాదు. ముక్కలు చూపించాక ముందు సైడ్ పాట్ తేల్చి తర్వాత మెయిన్ పాట్ ఇవ్వండి. ఫోల్డ్ చేసినవారి చిప్స్‌ని లెక్కలో మర్చిపోవడమే ఇక్కడ తరచు జరిగే తప్పు.

వంతు రాకముందే ఒకరు "రెయిజ్" అనేశారు. ఆ మాట చెల్లుతుందా?

ఆట ముందు వంతు ఉన్నవారి దగ్గరికి వెనక్కి వెళ్తుంది. వాళ్లు చెక్ చేసినా, కాల్ చేసినా, ఫోల్డ్ చేసినా పరిస్థితి మారలేదు కాబట్టి తొందరపడినవారి రెయిజ్ ఖాయం. వాళ్లు పందెం వేస్తే లేదా పెంచితే పరిస్థితి మారింది, తొందరపడినవారు చిప్స్ వెనక్కి తీసుకుని తమకు నచ్చినట్టు ఆడొచ్చు. వంతు తప్పి చేసిన ఫోల్డ్ మాత్రం ఎలాగైనా ఫోల్డే. తమని దాటేశారని గమనించినవారు వెంటనే నోరు తెరవాలి. ఊరుకుంటే, తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడేశాక అడిగే హక్కు పోతుంది.

హ్యాండ్ మధ్యలో జేబులోంచి తీసి చిప్స్ కలుపుకోవచ్చా?

కలుపుకోకూడదు. పంచే సమయానికి బల్ల మీద ఉన్నదే ఆ హ్యాండ్‌కి లెక్క. హ్యాండ్‌ల మధ్యలో కొత్తగా తీసుకోవచ్చు. అలాగే, ఆడుతూ ఉండగా గెలిచినవాటిలోంచి కొన్ని తీసి దాచుకోవడం కూడా కుదరదు.

పక్కవాడు ముక్కలు చూసి సలహా ఇస్తున్నాడు. తప్పు కాదా?

తప్పే. ఒక హ్యాండ్‌ని ఒక్కరే ఆడాలి. ఫోల్డ్ చేసినవారు "నేను ఆసు పారేశాను" అనడం కూడా అంతే తప్పు, ఇంకా ఆడుతున్నవారిలో ఒకరికి అది మేలు చేస్తుంది.

## ముక్కలు చూపించేటప్పుడు

ముందు ఎవరు చూపించాలి? ఇద్దరూ "నువ్వు ముందు" అంటున్నారు.

రివర్ రౌండ్‌లో చివరగా పందెం వేసినవారు లేదా పెంచినవారు. ఆ రౌండ్‌లో అందరూ చెక్ చేసి ఉంటే, బటన్‌కి (పంచేవారి స్థానాన్ని చూపే గుర్తుకి) ఎడమవైపు నుంచి ఇంకా ఆటలో ఉన్న మొదటివారు. తమదే గెలుపని తెలిసి వరస కోసం ఆపి ఎదుటివారిని వేధించడం రూల్ ఒప్పుకున్నా మర్యాద కాదు.

ఫ్లష్ అన్నాడు, నేను ముక్కలు పారేశాను. చూస్తే ఫ్లష్ కాదు. పాట్ ఎవరిది?

మాటలకి విలువ లేదు, తెరిచిన ముక్కలదే తీర్పు. కానీ పారేసిన ముక్కలు కుప్పలో కలిసిపోయి ఉంటే పాట్ ఎదుటివారిదే, బాధగా ఉన్నా. విడిగా పడి, ఫలానా రెండే అని ఎటువంటి అనుమానం లేకుండా గుర్తుపట్టగలిగితే వెనక్కి తీసుకుని తెరవొచ్చు. ఎదుటివారి రెండు ముక్కలు కంటితో చూసేదాకా మీ ముక్కల మీద చేయి తీయకండి. లేనిది ఉందని కావాలనే చెప్పి పారేయించడం మోసం, అది రెండోసారి జరిగితే ఆ మనిషిని ఆటకు పిలవాలా అని ఆలోచించాలి.

గెలిచే ముక్కలు తెరిచి పెట్టి, తనే ఓడాననుకుంటున్నాడు. చూస్తున్నవాళ్లు చెప్పొచ్చా?

చెప్పాలి. రెండు ముక్కలూ వెల్లకిలా బల్ల మీద పెట్టాక ఎవరైనా తప్పు ఎత్తి చూపొచ్చు. ఇంకా బోర్లా ఉన్నవాటి గురించి మాత్రం మాట్లాడకూడదు.

ఇద్దరికీ ఆసుల జత ఉంది. ఒకరి రెండో ముక్క 5, ఇంకొకరిది 3. ఐదే గెలవాలి కదా?

బల్ల మీద ఏమున్నాయో చూడండి. అక్కడ ఆసు, రాజు, రాణి, 9, 7 ఉండి ఫ్లష్‌కి అవకాశం లేకపోతే, ఇద్దరి అత్యుత్తమ ఐదు ముక్కలూ ఆసు, ఆసు, రాజు, రాణి, 9. ఐదు, మూడు ఆటలోకే రావు, పాట్ సగం సగం. ఆరో ముక్కతో పోల్చడమన్నది పోకర్‌లో లేదు.

జతల విషయంలోనూ ఇలాగే మోసపోతుంటారు. బల్ల మీద 8, 8, జాకీ, జాకీ, ఆసు ఉంటే చేతిలో ఐదుల జత ఉన్నా పనికిరాదు, అది జాకీలు, ఎనిమిదులు, ఆసే. మూడు జతలు ఎవరికీ లెక్కపెట్టరు.

ఇస్పేటు అన్నిటికంటే పెద్దది కాబట్టి ఇస్పేటు వాళ్లే గెలవాలా?

కాదు. హ్యాండ్‌లు పోల్చేటప్పుడు గుర్తుల్లో పెద్దా చిన్నా లేవు. ఇతర పేకాటల అలవాటు ఇక్కడికి తెస్తారు. సమానమైతే పంచుకోవడమే. పంచగా ఒక చిప్ మిగిలితే, బటన్‌కి ఎడమవైపు నుంచి లెక్కిస్తే ముందు వచ్చే విజేతకి అది వెళ్తుంది.

ఆసు, 2, 3, 4, 5 స్ట్రెయిట్ (వరసగా వచ్చే ఐదు ముక్కలు) అవుతుందా? రాణి, రాజు, ఆసు, 2, 3?

మొదటిది అవుతుంది, కానీ అన్నిటిలోకి చిన్న స్ట్రెయిట్. 2 నుంచి 6 దాన్ని ఓడిస్తుంది. రెండోది ఏమీ కాదు.

## తీర్పు తర్వాత, ఆట చివర్లో

పాట్ తప్పుగా ఇచ్చేశాం. ఎప్పటిదాకా సరిదిద్దొచ్చు?

తర్వాతి హ్యాండ్‌కి పేక కలపడం మొదలయ్యేదాకా. ఆ తర్వాత తెలిసినా పాత ఫలితమే ఉంటుంది. గీత ఎక్కడో ఒకచోట గీయకపోతే రాత్రంతా పాత హ్యాండ్‌లే ఆడాల్సివస్తుంది.

మేం రాసుకున్న పేజీలో లేని పరిస్థితి వచ్చింది. ఇప్పుడేంటి?

టీడీఏ మొదటి రూలే దీనికి దారి చూపిస్తుంది: ఆట మేలు, న్యాయం అన్నిటికంటే ముందు, అసాధారణ పరిస్థితిలో అక్షరాల రూల్ కంటే ఇంగితానికి పెద్దపీట వేయొచ్చు. ఆచరణలో ఒక్క ప్రశ్న బాగా పనిచేస్తుంది: తప్పు చేసినవారికే ఈ తీర్పు లాభమిస్తోందా? ఇస్తుంటే ఇంకో దారి వెతకండి. తేల్చాక దాన్ని తేదీతో ఆ పేజీలో రాయండి. వచ్చేసారి అదే పరిస్థితిలో వేరే స్నేహితుడున్నా అదే తీర్పు.

ఆట అయ్యాక చిప్స్ మొత్తం లెక్క కుదరలేదు. తేడా ఎవరు భరించాలి?

ముందు అందరి చిప్స్ ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టాలి, డబ్బాలో మిగిలినవి, బల్ల కింద పడినవి కూడా. తొమ్మిదిసార్లు వెయ్యి చొప్పున ఇచ్చి ఉంటే 9,000 ఉండాలి. 9,100 తేలితే, చిప్స్ తీసుకున్నప్పుడు రాయడం మర్చిపోయారనో, చిల్లర మార్చేటప్పుడు వంద ఎక్కువ ఇచ్చారనో అర్థం. కారణం దొరక్కపోతే అందరికీ వాళ్ల చిప్స్ నిష్పత్తిలో కోత వేయడం సరైన పద్ధతి. 2,275 ఉన్నవారి వాటా నాలుగో వంతు, కాబట్టి వారికి 25 తగ్గుతుంది. చిప్స్ తక్కువ తేలితే మిగిలిన మొత్తాన్ని అదే నిష్పత్తిలో పంచొచ్చు. డబ్బా బాధ్యత ఒక్కరికే ఇచ్చి, ప్రతిసారీ తీసుకునేవారి ఎదుటే రాయించి, ఆట మధ్యలో ఒకసారి బల్ల మీదవి, డబ్బాలోవి కలిపి లెక్కపెట్టిస్తే తేడా ఎక్కడ మొదలైందో ఆ రాత్రే దొరుకుతుంది.